మార్కెటింగ్ మెయిల్ పంపే ముందు ఎక్కడెక్కడ చూసుకోవాలి: ఎవరికి ఏ టెస్టింగ్ సరిపోతుంది

పట్టుచీర మెయిల్‌లో చీర కనపడలేదు, అంచు ఒక్కటే కనపడింది. నాకు ఈ టెస్టింగ్ పిచ్చి పట్టింది ఆ రోజే. ఒడిశాలోని బరంపురంలో ఒక పట్టుచీరల షాపుకి నేను మెయిళ్లు తయారుచేసి పెడుతుంటాను. ఆసారి ఠాకురాణి యాత్ర (బరంపురం అమ్మవారి జాతర) ముందు ఆఫర్, లాప్‌టాప్‌లో క్రోమ్ తెరిచి చూశా, నా ఫోన్‌లో చూశా, బ్రహ్మాండంగా ఉంది, పంపేశా. గంట తిరక్కుండా షాపు పెద్దాయన ఫోన్. "బాబూ, ఏటిది? భువనేశ్వర్ పార్టీ ఫోన్ చేసి తిడతంది. చీర పంపమంటే అంచు పంపించీసేవట!"

జరిగిందేమిటంటే, ఆ ఫొటో అసలు వెడల్పు 2,400 పిక్సెళ్లు. నేను స్టైల్‌లో మ్యాక్స్-విడ్త్ (ఇంతకంటే వెడల్పు వద్దు అనే సూచన) పెట్టి 600కి కుదించాను. విండోస్‌లోని పాత రకం అవుట్‌లుక్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల మెయిల్ ప్రోగ్రాం) మ్యాక్స్-విడ్త్‌ని పట్టించుకోదు, బొమ్మ ట్యాగ్‌లోనే వెడల్పు 600 అని విడిగా అంకె వేయాలి, అది నేను వేయలేదు. దాంతో ఆ భువనేశ్వర్ ఆవిడ ఆఫీసు స్క్రీన్ నిండా ఫోడా కుంభ (గుడి గోపురాల వరస నేసిన) అంచులోని గోపురాలు నాలుగు, అంతే. ధర, ఫోన్ నంబరు ఎక్కడో కుడివైపు అవతల. తప్పు నాదే, ఒక్క అంకె తప్పు.

ఆ తర్వాత దొరికిన పద్ధతులన్నీ వాడి చూశాను, కొన్నిటికి డబ్బు కట్టాను, కొన్నిటికి ఊళ్లో వాళ్ల కంప్యూటర్లు అడుక్కున్నాను. మీరు కూడా "డబ్బు పెట్టి టూల్ కొనాలా, నా నాలుగు అకౌంట్లకి పంపుకుంటే చాలదా" అన్న దగ్గర ఆగిపోయి ఉంటే, ముందు టూల్స్ పేర్లు పక్కన పెట్టి, మీ పరిస్థితి ఏమిటో చూసుకోండి. ఆ తర్వాత ఎంపిక చాలా తేలిక.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, మీ మెయిల్ ఎవరు, దేనిలో తెరుస్తారు. మిగతావన్నీ దీని తర్వాతే. లిస్టుని ఎక్సెల్‌లో పెట్టి, అడ్రసులో యాట్ గుర్తు తర్వాత ఉన్న భాగాన్ని విడదీసి లెక్కపెట్టండి, పది నిమిషాల పని. చీరల షాపు లిస్టు దాదాపు అంతా జీమెయిలే, అందులోనూ ఎక్కువమంది ఆండ్రాయిడ్ ఫోన్ వాళ్లు. గంజాం నుంచి సూరత్ మిల్లులకి వెళ్లినవాళ్లు పండక్కి ఇంట్లోవాళ్లకి చీర కొనాలంటే ఫోన్‌లోనే చూస్తారు, లాప్‌టాప్ ఎక్కడిది. అదే ఛత్రపురం వైపు మొగలిపూల అత్తరు అమ్మే ఇంకొకాయనకి కూడా నేనే మెయిళ్లు చేస్తాను, ఆయన లిస్టు పూర్తిగా వేరు: కన్నౌజ్, ముంబై, ఢిల్లీల్లో కొనుగోలు చేసే కంపెనీల అడ్రసులు. కంపెనీ డొమైన్ (ఆ యాట్ తర్వాతి భాగం) చూసి లోపల ఏముందో తెలీదు కదా అంటారేమో, ఆ డొమైన్ ఎంఎక్స్ రికార్డు (దాని మెయిల్ ఏ సర్వరుకి వెళ్లాలో చెప్పే నమోదు) చూడండి, ఉచితంగా చూపించే సైట్లు బోలెడు. గూగుల్ వాళ్ల సర్వరుకి వెళ్తోందో, మైక్రోసాఫ్ట్ సర్వరుకి వెళ్తోందో దాదాపుగా తెలిసిపోతుంది. మైక్రోసాఫ్ట్ అయితే ఆఫీసు బల్ల మీద అవుట్‌లుక్ ఉండే అవకాశం గట్టిగా ఉన్నట్టే.

మెయిల్ పంపే సర్వీసులో "ఏ యాప్‌లో తెరిచారు" అని ఒక రిపోర్టు ఉంటుంది, దాన్ని పూర్తిగా నమ్మకండి. మెయిల్‌లోని బొమ్మలు ఎవరు తెప్పించుకున్నారన్నదాన్ని బట్టి అది లెక్కకడుతుంది. జీమెయిల్ బొమ్మలన్నిటినీ గూగుల్ సర్వరు గుండా తెప్పిస్తుంది కాబట్టి వెనక ఉన్న ఫోన్ ఏదో దానికి కనపడదు. యాపిల్ అయితే 2021లో ఐఓఎస్ 15తో ప్రైవసీ ప్రొటెక్షన్ తెచ్చింది, ఆ సెట్టింగు పెట్టుకున్నవాళ్ల మెయిల్‌లో బొమ్మలు మనిషి తెరవకముందే లోడ్ అయిపోతాయి. రిపోర్టులో ఐఫోన్ వాళ్లు విరగబడి చదివేస్తున్నట్టు ఉంటుంది. అంత సంబరపడక్కర్లేదు.

రెండోది, టూల్ నిజంగా ఆ యాప్‌లో తెరిచి చూపిస్తోందా, లేక ఊహించి చూపిస్తోందా. చాలామంది ఇక్కడే మోసపోతారు. మెయిల్ తయారుచేసే ఎడిటర్‌లో డెస్క్‌టాప్, మొబైల్ అని రెండు బొమ్మలుంటాయి, నొక్కితే మెయిల్ వెడల్పుగానూ సన్నగానూ కనపడుతుంది. అది మీ బ్రౌజరే, కిటికీ వెడల్పు మారిందంతే. అందులో జీమెయిలూ లేదు, అవుట్‌లుకూ లేదు.

మూడోది పాత అవుట్‌లుక్. అవుట్‌లుక్ 2007 నుంచి విండోస్‌లోని డెస్క్‌టాప్ అవుట్‌లుక్ మెయిల్‌ని బ్రౌజర్ పద్ధతిలో గీయదు, వర్డ్ ఇంజన్‌తో గీస్తుంది, అంటే మీ మెయిల్‌ని వర్డ్ డాక్యుమెంటులా చూస్తుంది. అందుకే గుండ్రటి మూలలు పోతాయి, వెనక వేసిన బొమ్మ రాదు, బటన్‌లో అక్షరాల చుట్టూ వదిలిన ఖాళీ (ప్యాడింగ్) చాలాసార్లు పోయి అక్షరాలకి రంగు పూసినట్టు మిగులుతుంది, వెబ్‌పీ రకం ఫొటోలు చాలా వెర్షన్లలో కనపడవు. విండోస్‌లో స్క్రీన్ స్కేలింగు 125 శాతం పెట్టుకుని ఉంటే కొలతలు ఇంకో రకంగా చెడతాయి. కొత్త అవుట్‌లుక్ వెబ్ పద్ధతిలో పనిచేస్తుంది, అది చాలా నయం. కానీ పాతదానికి కనీసం 2029 వరకు సపోర్టు ఇస్తామని మైక్రోసాఫ్టే చెప్పింది, కాబట్టి ఆఫీసులకి మెయిల్ పంపేవాళ్లకి ఈ తలనొప్పి ఇప్పట్లో వదలదు.

నాలుగు, డార్క్ మోడ్. ఒక్కో యాప్‌ది ఒక్కో దారి. బ్రౌజర్‌లోని జీమెయిల్ మన రంగుల జోలికి రాదు, ఐఫోన్‌లోని జీమెయిల్ యాప్ మొత్తం తిరగేస్తుంది, మిగతావి మధ్యలో ఎక్కడో ఉంటాయి. అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తగిలేది లోగోకి. వెనక రంగు లేని పీఎన్‌జీలో నల్ల అక్షరాల లోగో పెడితే రాత్రిపూట ఫోన్‌లో షాపు పేరే మాయం. అక్షరాల చుట్టూ సన్నటి తెల్ల గీత వేస్తే పగలు కనపడదు, రాత్రి కాపాడుతుంది.

ఐదోది మన లిపి. ఇంగ్లీషులో రాసిన గైడ్లలో నాకు దీని గురించి ఎక్కడా దొరకలేదు, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. రెడీమేడ్ టెంప్లేట్లలో హెడ్డింగు లైన్-హైట్ (లైను ఎత్తు అక్షరం సైజుకి ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1.1 అలా పెడతారు, ఇంగ్లీషుకి అందంగానే ఉంటుంది. అందులో "లక్ష్మీ వ్రతం స్పెషల్" అని వేసి చూడండి, క్ష్మ కింద ఒత్తు రెండో లైను నెత్తిన ఎక్కుతుంది. పాత అవుట్‌లుక్ కోసం లైను ఎత్తు కచ్చితంగా ఇంతే అని బిగించి ఉంటే ఇంకా అన్యాయం, ఒత్తు సగానికి తెగిపోతుంది, వర్డ్‌లో లైన్ స్పేసింగు ఎగ్జాక్ట్ పెడితే తెగినట్టే. ఒడియాకీ కింద చేరే అక్షరాలుంటాయి, అదే గొడవ. నేను రెండు లిపులకీ 1.5 కంటే తగ్గించను.

ఫాంటు కూడా అంతే. మనకి నచ్చిన తెలుగు వెబ్ ఫాంటు యాపిల్ మెయిల్‌లో వస్తుంది, జీమెయిల్‌లో రాదు. విండోస్‌లో నిర్మలా యూఐ గానీ గౌతమి గానీ, ఆండ్రాయిడ్‌లో నోటో, ఏది ఉంటే అది వస్తుంది, వాటి వెడల్పులు వేరు కాబట్టి ఒకచోట రెండు లైన్లలో సరిపోయిన హెడ్డింగు ఇంకోచోట మూడుకి పోతుంది.

ఇంకోటుంది, సైజు. మెయిల్ కోడు 102 కేబీ దాటితే జీమెయిల్ అక్కడ కత్తిరించేసి, మిగతాది చూడాలంటే నొక్కండి అని లింకు పెడుతుంది, అన్‌సబ్‌స్క్రైబ్ లింకు సాధారణంగా ఆ కత్తిరించిన భాగంలోనే పోతుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు అక్షరానికి, గుణింతం గుర్తుకి కూడా, మూడేసి బైట్లు. కొన్ని ఎడిటర్లు అక్కడితో ఆగక అక్షరాన్ని నంబరు కోడుగా మార్చేస్తాయి, "త" ఒక్కటీ `త` అయిపోతుంది, అంటే ఏడు బైట్లు. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ ఒకే మెయిల్‌లో పెట్టే మా సరిహద్దు జనానికి ఇది తొందరగా తగులుతుంది. ఎడిటర్ ఏం చేస్తోందో ఒకసారి సోర్సు తెరిచి చూసుకోండి.

ఆరోది డబ్బూ టైమూ, దాని సంగతి కింద ఒక్కో పద్ధతి దగ్గర చెబుతాను.

ఒకటి: సొంత అకౌంట్లు, అరువు కంప్యూటర్లు

జీమెయిల్ ఒకటి, యాహూ ఒకటి, అవుట్‌లుక్ డాట్ కామ్ ఒకటి, రెడిఫ్‌మెయిల్, జోహో ఒకొక్కటి తెరిచి పెట్టుకుని, ప్రతి మెయిల్‌నీ ముందు వాటికి పంపుకోవడం. రూపాయి ఖర్చు లేదు, చూసేది నిజమైన యాప్‌లో, నిజమైన ఫోన్‌లో, లింకు నొక్కి చూడొచ్చు, డార్క్ మోడ్ వేసి తీసి చూడొచ్చు, ఒత్తులు తెగాయో లేదో మన కళ్లకే కనపడుతుంది. స్క్రీన్‌షాట్ ఇచ్చే ఏ ఖరీదైన టూలూ ఈ నొక్కి చూసే పని చేయలేదు.

లోటల్లా పాత అవుట్‌లుక్, ఐఫోన్. నా దగ్గర రెండూ లేవు. అవుట్‌లుక్ కోసం మా వీధిలో సీఏ గారి ఆఫీసు దొరికింది, వాళ్లంతా దాంట్లోనే ఉంటారు. మెయిల్ పంపి, వెళ్లి, స్క్రీన్ ఫొటో తీసుకుని వస్తాను. ఆడిట్ సీజన్లో మాత్రం గుమ్మం ఎక్కనివ్వరు. ఐఫోన్ కోసం మా పెదనాన్న కూతురు విశాఖలో ఉంది, "అక్కా, ఒక్క స్క్రీన్‌షాట్" అని వాట్సాప్ పెడితే పంపుతుంది. నాలుగోసారికి "నువ్వే కొనుక్కోరా" అంది. అరువు టెస్టింగుకి ఉండే పరిమితి అదీ.

ఈ పద్ధతిలో నేను ఎదురుదెబ్బలు తిని నేర్చుకున్నవి రెండు మూడు ఉన్నాయి. ఒకే సబ్జెక్టుతో టెస్టు మళ్లీ మళ్లీ పంపితే జీమెయిల్ అన్నిటినీ ఒకే దారంలో కట్టి, ముందు మెయిల్‌లో ఉన్నదే మళ్లీ వస్తే మూడు చుక్కల వెనక దాచేస్తుంది, మీరు మెయిల్ సగం పోయిందని కంగారు పడతారు. టెస్టుకో నంబరు సబ్జెక్టులో పెట్టండి. ఫొటో మార్చినప్పుడు ఫైలు పేరు కూడా మార్చండి, లేకపోతే గూగుల్ దాచుకున్న పాత ఫొటోనే మళ్లీ చూపించవచ్చు. కంపెనీ మెయిల్‌ని జీమెయిల్ యాప్‌లో పెట్టుకుని చదివేవాళ్లు ఉంటారు, అకౌంటు గూగుల్‌ది కాకపోతే అదే యాప్ మెయిల్ కోడు మొదట్లో రాసిన స్టైల్ భాగాన్ని వదిలేస్తుంది, ఫోన్‌కి తగ్గట్టు సర్దుకోవాల్సిన మెయిల్ డెస్క్‌టాప్ సైజులో వచ్చి పడుతుంది. అందుకే ఫోన్‌లోని జీమెయిల్ యాప్‌లో ఒక జీమెయిల్ అకౌంటూ, ఒక బయట అకౌంటూ రెండూ పెట్టుకోండి.

రెండు: పంపే సర్వీసులోనే ఉన్న ప్రివ్యూ

మెయిల్‌చింప్, బ్రెవో, జోహో క్యాంపెయిన్స్ లాంటివాటిలో ఎడిటర్ ప్రివ్యూ, టెస్ట్ మెయిల్ పంపే బటన్ ఎలాగూ ఉంటాయి. ఎడిటర్ ప్రివ్యూ గురించి పైన చెప్పాను, దాని విలువ స్పెల్లింగు చూసుకోవడం వరకే. కొన్నిటిలో ఇన్‌బాక్స్ ప్రివ్యూ అని విడిగా ఉంటుంది, అది మాత్రం వేరే సంగతి, నిజమైన యాప్‌లలో తెరిచి తీసిన స్క్రీన్‌షాట్లు ఇస్తుంది, సాధారణంగా డబ్బు కట్టే ప్లాన్లలోనే, అదీ నెలకి ఇన్నిసార్లు అని లెక్కగా. మీరు ఇప్పటికే అలాంటి ప్లాన్‌లో ఉంటే బయట ఇంకో టూల్ కొనే ముందు ఇది ఉందో లేదో వెతకండి. నేను ఒక క్లయింటు అకౌంటులో ఏడాది పాటు ఈ బటన్ ఉన్నట్టే చూసుకోలేదు, పక్కన బయటి టూల్‌కి డబ్బు కట్టాను. సిగ్గుచేటు.

టెస్ట్ మెయిల్‌లో పేరు నింపే చోట ఖాళీగా గానీ కోడుగా గానీ వస్తే భయపడకండి, టెస్టులో చాలా సర్వీసులు పేరు నింపవు. కానీ పేరు లేని కాంటాక్టుకి ఏం వస్తుందో మాత్రం చూసుకోండి, "ప్రియమైన ," అని కామాతో వెళ్లిన మెయిల్ నా ఖాతాలో ఒకటుంది.

మూడు: డబ్బు కట్టే స్క్రీన్‌షాట్ సర్వీసులు

లిట్మస్, ఈమెయిల్ ఆన్ యాసిడ్ ఈ రంగంలో పాతకాపులు. లిట్మస్‌ని 2025లో వాలిడిటీ కొంది, రెండోది ఇప్పుడు సించ్ కంపెనీ కింద ఉంది. మీ కోడు ఇస్తే గానీ, వాళ్లిచ్చిన అడ్రసుకి మెయిల్ పంపితే గానీ, పదుల సంఖ్యలో యాప్‌లలో తెరిచి స్క్రీన్‌షాట్లు వరసగా పెడతారు: అవుట్‌లుక్ పాత వెర్షన్లు, ఐఫోన్ మోడళ్లు, డార్క్ మోడ్, బొమ్మలు ఆపేసిన రూపం కూడా. మొదటిసారి చూసినప్పుడు నాకు ఎక్స్‌రే తీయించుకున్నట్టు అనిపించింది, ఇన్నాళ్లూ లోపల ఇంత విరిగి ఉందా అని.

కానీ ఇది స్క్రీన్‌షాట్, అంతకంటే కాదు. బటన్ నొక్కలేరు, వీడియో ఆడదు. ఇంకో విషయం, వాళ్ల టెస్టు మిషన్‌లో మన లిపికి ఫాంటు ఉందా అన్నది. స్క్రీన్‌షాట్‌లో తెలుగు డబ్బాలుగా వస్తే అది మీ మెయిల్ తప్పో వాళ్ల మిషన్ సంగతో తేలాలంటే మళ్లీ మన దగ్గర విండోస్ కంప్యూటర్లో చూడాల్సిందే. ట్రయల్ ఇస్తే ముందు ఇదే పరీక్షించండి. అలాగే మీ లిస్టులో రెడిఫ్‌మెయిల్, జోహో వాళ్లు ఎక్కువుంటే, వాళ్ల యాప్‌ల జాబితాలో అవి ఉన్నాయో లేదో డబ్బు కట్టకముందే చూసుకోండి.

ధరలు తరచూ మారుతుంటాయి కాబట్టి అంకెలు రాయడం లేదు. డాలర్లలో ఉంటుంది, మన చిన్న షాపుల నెల బడ్జెట్‌కి బరువే, పైగా కార్డుకి విదేశీ చెల్లింపులు ఆన్ చేసి ఉండాలి. నెలకి రెండు మెయిళ్లు పంపే షాపుకి ఏడాది పొడుగునా దీన్ని కట్టడం దండగ, అది నా ఖచ్చితమైన అభిప్రాయం. టెంప్లేట్ కొత్తగా తయారుచేసిన నెల ఒక్కటీ తీసుకోవడం వేరు, దానికి నేను ఒప్పుకుంటాను.

నాలుగు: డెవలపర్ల వలలు

మెయిల్‌ట్రాప్, మెయిల్‌పిట్ లాంటివి. వెబ్‌సైటు నుంచి వెళ్లే మెయిళ్లని బయటికి పోనీకుండా మధ్యలో పట్టుకుని మీకు చూపిస్తాయి, ఆర్డరు కన్ఫర్మేషన్లు, ఓటీపీలు లాంటివి తయారుచేసేటప్పుడు కస్టమరుకి పొరపాటున టెస్టు మెయిల్ పోకుండా. మెయిల్‌పిట్ ఓపెన్ సోర్సు, మీ కంప్యూటర్లోనే నడుస్తుంది. రెండిటిలోనూ మీ కోడు చదివి, ఫలానా స్టైలు ఫలానా యాప్‌లో పనిచేయదు అని చెప్పే చెకింగ్ ఉంది. కేన్ ఐ ఈమెయిల్ అని ఒక ఉచిత సైటుంది, ఏ సీఎస్ఎస్ (స్టైల్ కోడు) ఎక్కడ పనిచేస్తుందో పట్టికలుగా ఉంటుంది, మెయిల్‌పిట్ ఆ సమాచారాన్నే వాడుకుంటుంది. ఆ సైటు కోడు రాసే ప్రతివాళ్లకీ పక్కన తెరిచి ఉండాలి.

ఇవి ఒక్కో యాప్‌లో మెయిల్ ఎలా కనపడుతుందో చూపించవు, ఏది చెడొచ్చో చెబుతాయి. నా 2,400 పిక్సెళ్ల ఫొటోని ఇది పట్టేసేదే, మ్యాక్స్-విడ్త్ అవుట్‌లుక్‌లో పనిచేయదని ఒక లైను చూపించేది, నేను చదివేవాణ్ణో లేదో మాత్రం అనుమానమే. హెచ్చరికలు ఒకేసారి ముప్పై వస్తాయి, అందులో ఏది అవసరం ఏది కాదు అన్నది తెలియాలంటే కొంత అనుభవం కావాలి. కోడు రాయనివాళ్లు వీటి జోలికి వెళ్లక్కర్లేదు.

ఐదు: చెడని టెంప్లేట్ ఒకటి పట్టుకుని వదలకపోవడం

దీన్ని టెస్టింగ్ అనరు, కానీ పోలికలో పెట్టకపోతే అన్యాయం. ఎంజేఎంఎల్ అని ఓపెన్ సోర్సు పద్ధతి ఉంది, మెయిల్‌జెట్ వాళ్లు మొదలుపెట్టింది. దాని సొంత తేలిక ట్యాగులతో రాస్తే అవుట్‌లుక్‌కి కావాల్సిన టేబుళ్లు గట్రా అదే తయారు చేస్తుంది. లేదా ఏ సర్వీసు ఇచ్చిన సాదా టెంప్లేటయినా సరే, ఒకే వరస, 600 పిక్సెళ్ల వెడల్పు, పైన లోగో, ఒక ఫొటో, నాలుగు మాటలు, ఒక బటన్. దాన్ని ఒక్కసారి గట్టిగా అన్నిచోట్లా టెస్టు చేసి, ఆ తర్వాత ప్రతిసారీ ఫొటో, మాటలు మాత్రమే మార్చడం.

డిజైనర్లకి ఇది నచ్చదు, ప్రతి పండక్కీ కొత్త రూపం కావాలంటారు. చీరల షాపు పెద్దాయన కూడా మొదట మూతి ముడిచారు, "పోనీ రంగయినా మార్చు" అన్నారు. రంగు మార్చడం వల్ల ఏదీ విరగదు, సంతోషంగా మార్చాను.

| పద్ధతి | నిజమైన యాప్‌లోనా | పాత అవుట్‌లుక్ | డార్క్ మోడ్ | తెలుగు, ఒడియా | ఖర్చు |
|---|---|---|---|---|---|
| సొంత అకౌంట్లు, అరువు కంప్యూటర్లు | అవును | ఎవరిదైనా దొరికితేనే | చూడొచ్చు | అన్నిటికంటే నమ్మకం | సున్నా, టైము మాత్రం పోతుంది |
| ఎడిటర్ ప్రివ్యూ | కాదు | లేదు | నమ్మలేం | ఒత్తులు తెగడం తెలీదు | ప్లాన్‌లోనే |
| సర్వీసులోని ఇన్‌బాక్స్ ప్రివ్యూ | అవును, స్క్రీన్‌షాట్ | ఉంటుంది | సర్వీసుని బట్టి | ఒకసారి పరీక్షించాలి | పై ప్లాన్లలో, లెక్కగా |
| లిట్మస్, ఈమెయిల్ ఆన్ యాసిడ్ | అవును, స్క్రీన్‌షాట్ | పలు వెర్షన్లు | ఉంది | ఒకసారి పరీక్షించాలి | డాలర్లలో, బరువు |
| మెయిల్‌ట్రాప్, మెయిల్‌పిట్ | కాదు, కోడు చదువుతాయి | హెచ్చరిక ఇస్తాయి | కొంతవరకు | చూడవు | మెయిల్‌పిట్ ఉచితం |
| చెడని టెంప్లేట్ | ఒకసారి టెస్టు చేశాక | మొదటిసారే చూడాలి | మొదటిసారే చూడాలి | మాటలు మారినప్పుడల్లా చూడాలి | మొదటిసారి శ్రమ |

మరి ఎవరికి ఏది

షాపు, కోచింగ్ సెంటరు, హోటలు, ఇలా నేరుగా జనానికి పంపేవాళ్లకి: ఐదో పద్ధతీ, ఒకటో పద్ధతీ కలిపి చాలు. ఒక ఆండ్రాయిడ్ ఫోన్, దాంట్లో రెండు రకాల అకౌంట్లు, ఒక ఐఫోన్ చుట్టం. పాత అవుట్‌లుక్‌లో కాస్త వంకరగా వచ్చినా కొంపలు మునగవు, కానీ ఫోన్ నంబరూ ధరా మాత్రం ఎక్కడ తెరిచినా కనపడి తీరాలి. అన్ని యాప్‌లలోనూ అచ్చు గుద్దినట్టు ఒకేలా రావాలని పంతం పట్టకండి, ఆ పంతంతో నేను రెండు రాత్రులు ఒక బటన్ గుండ్రటి మూలల మీద గడిపాను, కస్టమర్లెవరూ మూలలు చూసి చీర కొనలేదు.

అత్తరు ఆయనలా కంపెనీలకి పంపేవాళ్లది ఇంకో లెక్క. అక్కడ పాత అవుట్‌లుకే మొదటి పరీక్ష, దాంట్లో బొమ్మలు ముందుగా ఆగిపోయి ఉంటాయి కూడా, కొనేవాడు మొట్టమొదట చూసేది ఖాళీ డబ్బాలు. కాబట్టి ధరల పట్టికని బొమ్మగా పెట్టకండి, అక్షరాల్లో పెట్టండి, ప్రతి బొమ్మకీ ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మ రాకపోతే దాని చోట కనపడే మాటలు) రాయండి. ఆర్డరు విలువ పెద్దది, మెయిళ్లు తక్కువ, ఇక్కడ స్క్రీన్‌షాట్ సర్వీసుకి డబ్బు పెట్టడంలో అర్థముంది. లేదంటే ఆఫీసు కంప్యూటర్లో పాత అవుట్‌లుక్ ఒకటి సొంతంగా పెట్టుకోవడం ఇంకా చవక. ఆయన అదే చేశారు.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకి సంఘం తరఫున తెలుగులో గానీ ఒడియాలో గానీ వార్తల మెయిల్ పంపేవాళ్లు ఐఫోన్ మీద, డార్క్ మోడ్ మీద, ఒత్తుల మీద దృష్టి పెట్టండి. మాటలు ఎక్కువ కాబట్టి 102 కేబీ గీత మీకే ముందు తగులుతుంది. టూల్ కొనక్కర్లేదు, ఐఫోన్లున్న సభ్యులు లిస్టులోనే ఉన్నారు కదా, ముగ్గురికి ముందురోజు పంపి అడగండి.

వెబ్‌సైటు తయారుచేసే కుర్రాళ్లకి మెయిల్‌పిట్. అంతే, ఆలోచించక్కర్లేదు. రూపం కోసం చివర్లో ఒకసారి నిజమైన ఇన్‌బాక్సులకి పంపండి.

నాలాగా పదిమందికి మెయిళ్లు చేసిపెట్టే ఫ్రీలాన్సర్లకే అసలు చిక్కు. ఒక్కో క్లయింటుకి విడిగా టూల్ కొనలేం, అందరిదీ ఒకే నెలలో చేస్తే డబ్బు గిట్టుబాటు అవుతుంది. నేను చేసేది ఇది: క్లయింట్ల టెంప్లేట్లన్నీ దసరా ముందు నెలలో ఒకేసారి కొత్తగా సర్దుతాను, ఆ ఒక్క నెలకి స్క్రీన్‌షాట్ సర్వీసు తీసుకుంటాను, ఖర్చుని బిల్లుల్లో పంచుతాను. మిగతా పదకొండు నెలలూ సొంత అకౌంట్లే. కార్డు మీద నెలనెలా తీసుకునే ప్లాన్ అయితే కొన్న రోజే ఫోన్ క్యాలెండర్లో కాన్సిల్ చేయాల్సిన తేదీ వేసుకోండి, రెండు రోజుల ముందుకి. మొదటి ఏడాది నేను వేసుకోలేదు, సంక్రాంతి దాకా కడుతూనే ఉన్నాను.